కర్నూలులో గాలి ఏ నెలల్లో చెడుతుంది? దుమ్ము కాలమూ పొగ కాలమూ ఒకటి కాదు

మీ ప్రశ్న సారాంశం ఇది. ఉద్యోగ విరమణ చేసిన మీ నాన్నగారికి చాలాకాలంగా ఉబ్బసం ఉంది. హైదరాబాదు నుంచి సొంత ఊరైన కర్నూలుకు మారాలనుకుంటున్నారు. ఇల్లు చూడటానికి మే నెలలో వచ్చినప్పుడు పొద్దున తుడిచిన గచ్చు మీద మధ్యాహ్నానికే ఎర్రటి దుమ్ము పేరుకుందనీ, ఫోనులో మాత్రం గాలి ఫరవాలేదన్నట్టు చూపిందనీ, ఈ రెండింటిలో దేన్ని నమ్మాలో తెలియడం లేదనీ రాశారు. ఏ నెలల్లో జాగ్రత్త పడాలి, తుంగభద్ర ఒడ్డున ఇల్లు మంచిదా బైపాస్ వైపు కొత్త కాలనీ మంచిదా, గాలిని శుద్ధి చేసే యంత్రం కొనాలా అన్నవి మిగతా సందేహాలు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. మీ నాన్నగారు అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండవలసింది మే నెలలో కాదు, నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య వరకు. అందులోనూ రాత్రి ఏడెనిమిది గంటల నుంచి మర్నాడు పొద్దున తొమ్మిది దాకా. మార్చి నుంచి జూలై వరకు కంటికి కనిపించే దుమ్ము ఎక్కువ. అది చికాకు పెడుతుంది, తుమ్ములు తెప్పిస్తుంది, ఉబ్బసం ఉన్నవారికి ఆయాసమూ తేవచ్చు, కానీ దానిలో ఎక్కువ భాగం ఊపిరితిత్తుల లోతుకు చేరదు. ఆగస్టు రెండో సగం నుంచి అక్టోబరు దాకా గాలి అన్నిటికన్నా శుభ్రంగా ఉంటుంది. నది ఒడ్డున ఉన్నంత మాత్రాన గాలి మంచిదైపోదు, చలికాలంలో కొంత చెడే జరుగుతుంది. యంత్రం చలికాలపు రాత్రులకు పనికివస్తుంది, కూలర్ తిరిగే వేసవిలో దండగ.

ఇంత నిక్కచ్చిగా ఎలా చెబుతున్నానని మీరు అడగవచ్చు. నేను రసాయనశాస్త్రం చదువుకుని, ఒక ప్రైవేటు ప్రయోగశాల తరఫున రాయలసీమ పట్టణాల్లోనూ క్వారీల దగ్గరా క్రషర్ల దగ్గరా ఇరవై ఏళ్లకు పైగా గాలి నమూనాలు తీశాను. నేను వైద్యుణ్ని కాను కాబట్టి మందుల జోలికి పోను. గాలిలో ఏముందో, ఎప్పుడు ఎందుకుందో మాత్రం చెప్పగలను.

మేము వాడిన పరికరం పనితీరు కొంచెం తెలిస్తే మీ మొదటి సందేహం, అంటే గచ్చు ఒక మాట చెప్పి ఫోను ఇంకో మాట చెప్పడం, దానంతటదే తీరుతుంది. మేడ మీద పెట్టే ఆ యంత్రం నిమిషానికి సుమారు 1.1 ఘనపు మీటర్ల గాలిని లాగుతుంది. లోపలికి వచ్చిన గాలి ముందు ఒక గరాటు వంటి గొట్టంలో సుడి తిరుగుతుంది. ఆ సుడిలో బరువైన రేణువులు అంచులకు కొట్టుకుని కింద ఉన్న చిన్న కప్పులో రాలిపోతాయి. 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా సన్ననివి మాత్రమే పైకి వెళ్లి గాజునార వడపోత కాగితం మీద చిక్కుకుంటాయి. ఆ కాగితం మీద చిక్కినదే పీఎం 10. రోజంతా నడిపితే 1,584 ఘనపు మీటర్ల గాలి దాని గుండా పోతుంది. కాగితం బరువు 158 మిల్లీగ్రాములు పెరిగితే ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములన్న మాట. మన దేశంలో 24 గంటల సగటుకు పీఎం 10 పరిమితి అంతే. పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్ల కన్నా సన్నని రేణువులు, దానికి వేరే పరికరం, దాని రోజువారీ పరిమితి 60. ఏడాది సగటుకైతే పీఎం 10 పరిమితి 60, పీఎం 2.5 పరిమితి 40.

మే నెలలో ఆ కింది కప్పు విప్పితే బొటనవేలితో తీసి బొట్టు పెట్టుకునేంత ఎర్రమట్టి ఉండేది. మీ గచ్చు మీద పేరుకున్నది అదే. దానిలో ఎక్కువ భాగం పీఎం 10 లెక్కలోకే రాదు, ఇక పీఎం 2.5 మాట చెప్పనక్కరలేదు. కాబట్టి మీ గచ్చూ అబద్ధం చెప్పలేదు, ఫోనూ పూర్తిగా అబద్ధం చెప్పలేదు. రెండూ వేర్వేరు వస్తువులను కొలిచాయి. అదే జనవరిలో కప్పు దాదాపు ఖాళీగా ఉండేది. కాగితం బరువు చూస్తే ఒక్కోసారి మే నెల కన్నా తక్కువే వచ్చేది, కానీ రంగు చూస్తే దీపం మీద పట్టిన మసిలా ఉండేది. ఆరబెట్టే పెట్టె తెరిస్తే పొగ కంపు కొట్టేది. వేసవి కాగితాలు ఇటుక పొడి రంగువి, ఆషాఢపువి లేత గోధుమ రంగువి, సెప్టెంబరువి దాదాపు తెల్లనివి, కాకపోతే ఒకటి రెండు పురుగులు అతుక్కుని ఉండేవి. ఏడాది కాగితాలను వరుసగా పరిస్తే నెల పేరు చూడకుండానే చెప్పగలిగేవాళ్లం. మా దగ్గర చేరిన కొత్త కుర్రవాళ్లకు నేను పెట్టే మొదటి పరీక్ష అదే.

ఇప్పుడు చలికాలం ఎందుకు చెడ్డదో చెబుతాను. ఇది మన నేల స్వభావంతో ముడిపడిన సంగతి. కర్నూలు ప్రాంతంలో ఏడాది వర్షపాతం 600 నుంచి 700 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. నేల పొడిగా ఉంటుంది, చలికాలంలో ఆకాశం నిర్మలంగా ఉంటుంది. పొడి నేల పగలు ఎంత తొందరగా వేడెక్కుతుందో, పొద్దు గూకాక అంత తొందరగానూ చల్లబడుతుంది. నేలను ఆనుకున్న గాలి ముందు చల్లబడి బరువెక్కుతుంది, దాని మీద వెచ్చని గాలి పొర మూతలా పరుచుకుంటుంది. కుండ మీద మూకుడు పెట్టినట్టే. వేసవి మధ్యాహ్నం మన పొగా దుమ్మూ రెండు మూడు కిలోమీటర్ల ఎత్తు దాకా కలిసిపోయి పలచబడతాయి. చలికాలపు రాత్రి అవే ఒకటి రెండు వందల మీటర్ల మందంలో ఇరుక్కుపోతాయి. పైగా గాలి కదలదు. ఊళ్లో పుట్టే పొగ రెండు కాలాల్లోనూ ఒకటే అనుకున్నా, దాన్ని పంచుకునే గాలి పరిమాణం చలికాలంలో ఎన్నో రెట్లు తగ్గిపోతుంది.

నిజానికి పొగ కూడా ఒకటే కాదు, చలికాలంలో పెరుగుతుంది. ఆటోస్టాండు దగ్గర, కాపలావాళ్ల గుడిసెల దగ్గర, చౌరస్తాల్లో టీ బండ్ల పక్కన చలిమంటలు వేస్తారు, వాటిలో పడేది కట్టె ఒక్కటే కాదు. ఊడ్చిన చెత్తను పొద్దున్నే అక్కడికక్కడే అంటించే అలవాటు ఇంకా పోలేదు. ఇటుక బట్టీలు సంక్రాంతి తరువాత ఊపందుకుంటాయి. కేసీ కాలువ కింద యంత్రంతో కోసిన వరి మళ్లలో గడ్డిని కొందరు తగలబెడతారు, ఫిబ్రవరి మార్చి నెలల్లో పత్తికట్టె కాలుస్తారు. మన మెట్ట ప్రాంతానికి ఒక మేలున్నది: జొన్న చొప్ప, వేరుశనగ కట్టె పశువుల మేత, వాటిని కాల్చే రైతు లేడు. అందుకే ఇక్కడి పొలాల పొగ వరి ఎక్కువగా పండే ప్రాంతాలంత ఉండదు. వీటికి తోడు చలికాలంలో గాలి ఈశాన్యం వైపు నుంచి వీస్తుంది కాబట్టి గంగా మైదానం మీద పేరుకునే పొగలో కొంత మధ్య భారతం మీదుగానూ బంగాళాఖాతం మీదుగానూ దక్షిణానికి దిగుతుంది. ఊళ్లో ఎవరూ ఏమీ కాల్చని రోజున కూడా జగన్నాథగట్టు మసకగా కనిపించడానికి అదొక కారణం.

రోజులోని గంటల లెక్క ఇంకా ముఖ్యం. చలికాలంలో సన్నని రేణువులు రోజుకు రెండుసార్లు ఎగుస్తాయి: సాయంత్రం ఏడు నుంచి పది దాకా ఒకసారి, పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా మరొకసారి. పొద్దున పెరగడానికి వాహనాలు ఒక్కటే కారణం కాదు. రాత్రంతా పైన పొరలో నిలిచిన పొగ, ఎండ నేలను తాకి గాలి కలియడం మొదలుపెట్టగానే, ముందు కిందికే దిగుతుంది. పదకొండు గంటలకు మూకుడు లేచిపోతుంది. కాబట్టి చలికాలంలో పొద్దున నడక మానండి. మధ్యాహ్నం మూడు నుంచి ఐదు గంటల మధ్య నడవమనండి. వేసవిలో దీనికి సరిగ్గా తిరగేసి పొద్దున ఆరింటికే నడవాలి, దానికి కారణం కింద చెబుతాను. ఏడాది పొడుగునా ఐదున్నరకే లేచి నడిచే పెద్దవాళ్లకు ఈ మాట రుచించదని నాకు తెలుసు. మా నాన్నగారు కూడా వినలేదు.

భోగి రోజు ప్రత్యేకంగా చెప్పాలి. దీపావళి బాణసంచా రాత్రి ఎనిమిది తొమ్మిది గంటలకు కాలుస్తారు, అప్పటికి గాలి ఇంకా కొంచెం కదులుతూ ఉంటుంది, పైగా కొన్నేళ్లు ఆ నాటికి వానలు పూర్తిగా వెనుదిరగవు కూడా. భోగి మంట మాత్రం జనవరి నెలలో, తెల్లవారుజామున నాలుగైదు గంటలకు, అంటే మూకుడు అన్నిటికన్నా బిగుతుగా ఉండే వేళలో వేస్తారు. పిడకలూ పాత కట్టె సామానూ వేసినంత వరకు ఒక ఎత్తు, టైర్లూ ప్లాస్టిక్ కుర్చీలూ వేసినప్పుడు వేరొక ఎత్తు. ఆ ఒక్క ఉదయం మీ నాన్నగారిని కిటికీలు మూసిన గదిలో ఉండమని చెప్పండి.

ఇక వేసవి. మార్చి నెలాఖరు నుంచి గాలి బాగా కలుస్తుంది కాబట్టి పొగ పలచబడుతుంది, దుమ్ము మాత్రం రేగుతుంది. దుమ్ముకు మూలం ఎక్కడో ఎడారిలో లేదు, ఎక్కువ భాగం మన రోడ్ల అంచుల్లోనే ఉంది. రోడ్డు పక్క పేరుకున్న మెత్తటి మట్టిని వాహనం లేపుతుంది, అది పక్కకు వాలుతుంది, తరువాతి వాహనం మళ్లీ లేపుతుంది. కర్నూలు పేరు కందనవోలు నుంచి వచ్చిందనీ, అలంపురం గుడికి రాళ్లు మోసే బండ్లు నది దాటే ముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన పూసుకునేవనీ స్థలకథ చెబుతారు. ఊరి పేరే బండి చక్రం మీద నిలిచినప్పుడు దాని దుమ్ము తప్పుతుందా అని మేము నవ్వుకునేవాళ్లం. హైదరాబాదు, బెంగళూరులను కలిపే 44వ నంబరు జాతీయ రహదారి ఊరిని ఒరుసుకుపోతుంది. పట్టాలు కప్పని ఇసుక ట్రాక్టర్లు, బేతంచెర్ల వైపు నుంచి వచ్చే నాపరాయి లారీలు, క్రషర్ల కంకర లారీలు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

వేసవిలో కంటికి కనిపించనిది ఒకటుంది, అది ఓజోన్. వాహనాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లూ, పెట్రోలు, ద్రావకాల ఆవిర్లూ మండుటెండలో చర్య జరిపితే నేలను ఆనుకున్న గాలిలో ఓజోన్ తయారవుతుంది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఇది ఎక్కువ, ఉబ్బసం ఉన్నవారి శ్వాసనాళాలను ఇది నేరుగా మండిస్తుంది. విచిత్రమేమంటే రద్దీ కూడలిలో కన్నా ఊరి శివార్లలోనే ఇది ఎక్కువగా ఉండవచ్చు, ఎందుకంటే వాహనాల నుంచి అప్పుడే వెలువడిన నైట్రిక్ ఆక్సైడ్ దాన్ని కొంత తినేస్తుంది. మాస్కు దీన్ని ఆపదు, ఇళ్లలో పెట్టుకునే చిన్న యంత్రాలు దీన్ని కొలవవు. ఎండవేళ బయటికి వెళ్లకపోవడమే మార్గం. ఇది వడదెబ్బకూ మందే కాబట్టి వేరే శ్రమ లేదు.

జూన్, జూలై నెలల గురించి బయటివారు పొరబడుతుంటారు. ఋతుపవనాలు వచ్చాయి కదా, గాలి కడిగినట్టు ఉంటుంది అనుకుంటారు. మనది పడమటి కనుమల చాటున ఉన్న వానచాటు ప్రాంతం. ఋతుపవనాలు వచ్చినప్పుడు మనకు ముందు గాలి వస్తుంది, వాన తరువాత వస్తుంది, ఒక్కో ఏడు రానే రాదు. రోహిణి కార్తెలో దున్ని వదిలిన పొలాల మీద పచ్చిక ఉండదు. మృగశిర నాటికి నాలుగు చినుకులు పడి ఆగిపోతే, ఆ తరువాత వచ్చే ఆషాఢ గాలి ఆ మెత్తటి దుక్కిని పైకి లేపుతుంది. సీమలో గాలిమరలు వరుసగా ఎందుకు నిలబెట్టారో ఈ రెండు నెలలు ఇక్కడ ఉంటే అర్థమవుతుంది. అయితే ఇదే గాలి పొగను ఊళ్లో నిలవనివ్వదు. కాగితం మీద మట్టి ఉంటుంది, మసి ఉండదు. కిటికీలు పడమటి వైపు ఉన్న ఇళ్లకే ఈ బాధ ఎక్కువ.

ఆగస్టు సగం దాటాక వానలు కుదురుకుంటాయి, నేల తడుస్తుంది, పచ్చిక లేస్తుంది, గాలి శుభ్రపడుతుంది. దీని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, ఒక్క హెచ్చరిక తప్ప. గాలి శుభ్రంగా ఉన్న నెలల్లోనూ ఉబ్బసం రావచ్చు. వానల తరువాత ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ మొక్క, అదే కొందరు కాంగ్రెస్ గడ్డి అనేది, నడుము ఎత్తు పెరిగి పూస్తుంది. దాని పుప్పొడి పడనివారు చాలామంది ఉన్నారు. తడిగోడల బూజు ఇంకొక కారణం. సెప్టెంబరులో ఆయాసం వస్తే ఫోనులోని అంకె చూసి "గాలి బాగానే ఉందే" అని తేలికగా తీసుకోకండి. ఏ గాలి నాణ్యత సూచీలోనూ పుప్పొడి లెక్క ఉండదు.

ఈ క్రమం తప్పిన ఏడాది ఒకటి చూశాను. 2009 అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర, హంద్రీ పొంగి ఊళ్లోకి వచ్చాయి. నీళ్లు తీశాక వీధుల నిండా ఒండ్రు మిగిలింది. ఇళ్లలోంచి ఎత్తిపోసినదంతా రోడ్ల పక్కన కుప్పలు పడింది, అది ఎండి, చక్రాల కింద నలిగి, పిండిలాగా అయింది. అన్నిటికన్నా శుభ్రంగా ఉండవలసిన నెలల్లో ఊరు దుమ్ములో మునిగింది. ఆ చలికాలం కాగితాలు సగం మట్టి రంగు, సగం మసి రంగు. ఋతువును బట్టి చెప్పే మాట ఏదైనా సాధారణంగా నిజమే కానీ, కాలువ పూడిక తీసి గట్టున పోసినా, మీ వీధి తవ్వి ఆరు నెలలు వదిలేసినా మీ ఇంటి వరకు ఆ ఏడు లెక్క మారిపోతుంది.

ఫోనులో కనిపించే అంకె గురించి మూడు సంగతులు చెప్పాలి. మొదటిది, కొన్ని యాప్‌లు అమెరికా కొలమానాన్ని వాడతాయి, కొన్ని మన దేశపు కొలమానాన్ని వాడతాయి. పీఎం 2.5 ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు ఉంటే మన సూచీ 100 అంటుంది, అంటే "సంతృప్తికరం" అనే వర్గానికి చివరి అంచు. అమెరికా సూచీ అదే గాలిని 150 దాటించి "అనారోగ్యకరం" అంటుంది. రెండు యాప్‌లు చూసి కంగారు పడేవారిలో సగం మంది చిక్కు ఇదే. రెండవది, దగ్గరలో కొలిచే కేంద్రం లేని చోట యాప్ చూపేది ఉపగ్రహ సమాచారం, లెక్కల నమూనా ఆధారంగా వేసిన అంచనా. అది ఊరికంతటికీ ఒకటే చెబుతుంది, మీ వీధి చివర తగలబడే చెత్తకుప్ప దానికి తెలియదు. మూడవది, మన సూచీలో రేణువుల లెక్క 24 గంటల సగటు. పీఎం 2.5 పొద్దున మూడు గంటల పాటు 120 ఉండి, మిగిలిన ఇరవై ఒక్క గంటలూ 40 ఉన్నదనుకోండి, సగటు 50 వస్తుంది, ఆ రోజు "సంతృప్తికరం" అవుతుంది. ఆ మూడు గంటలూ మీ నాన్నగారు నడకకు వెళ్లి ఉంటే ఆ సగటు ఆయన ఊపిరికి ఏ విధంగానూ పనికిరాదు.

అందుకని ఇంట్లో పెట్టుకునే చిన్న సెన్సర్ కొంటే మంచిదేనా అంటే, గంటగంటకూ వచ్చే హెచ్చుతగ్గులు చూసుకోవడానికి మంచిదే. అవి లేజర్ కాంతి చెదిరే తీరును బట్టి లెక్కిస్తాయి. పొద్దున మంచు తేమ ఉంటే రేణువులు ఉబ్బి అంకె ఎక్కువ చూపుతాయి, ముతక దుమ్మును సరిగా పట్టలేక వేసవిలో తక్కువ చూపుతాయి. అంకెను పట్టుకుని కూర్చోకుండా, ఏ వేళ పెరుగుతున్నది, ఏ పని చేసినప్పుడు పెరుగుతున్నది అని గమనించండి.

కర్నూలు గాలి దేశంలో అత్యంత చెడ్డదేమీ కాదు, అలాగని నిష్కల్మషమూ కాదు. 2019 జనవరిలో జాతీయ శుద్ధ వాయు కార్యక్రమం మొదలైనప్పుడు, ఐదేళ్లు వరుసగా ప్రమాణాలు దాటిన నగరాల తొలి జాబితాలో విజయవాడ, గుంటూరు, నెల్లూరు, విశాఖపట్నాలతో పాటు కర్నూలు కూడా ఉన్నది. ఆ కార్యక్రమంలో నగరాల పురోగతిని కొలిచేది ప్రధానంగా పీఎం 10 తోనే. అందువల్ల రోడ్లు ఊడ్చే యంత్రాలూ, నీళ్లు చల్లడమూ, రోడ్డు అంచులు గట్టిపరచడమూ ముందు వరుసలోకి వచ్చాయి. అవి అవసరమే, నేను తప్పు పట్టను. కానీ వాటితో తగ్గేది ఎక్కువగా మే నెల కాగితం బరువు. జనవరి కాగితం నలుపు తగ్గాలంటే చెత్త కాల్చడం ఆగాలి.

ఇంటి విషయానికి వద్దాం. నది ఒడ్డున గాలి మంచిదన్న నమ్మకం ఏడాదిలో కొన్ని నెలలకే వర్తిస్తుంది. నీరు నిండుగా ఉన్నప్పుడు ఒడ్డున దుమ్ము తక్కువ, నిజమే. వేసవిలో సుంకేశుల బ్యారేజీ దిగువన నది చాలావరకు ఇసుక మేట. ముతక ఇసుక పెద్దగా లేవదు కానీ అంచుల్లో ఎండిన ఒండ్రు లేస్తుంది. చలికాలపు రాత్రి చల్లని బరువైన గాలి నీటిలాగానే పల్లానికి జారుతుంది, ఊళ్లోని పొగను కూడా తనతో పాటు నది పల్లానికి తెస్తుంది. తెల్లవారుజామున వంతెన మీద నిలబడి చూడండి, నీటి మీద మంచు అనుకునే ఆ తెల్లని చారలో సగం పొగే. పాతబస్తీ ఇరుకు సందుల్లో అది తొందరగా చెదరదు. హంద్రీ వైపు అయితే వేసవిలో మురుగు వాసన అదనం.

బైపాస్ వైపు కాలనీ ఎత్తుగా ఉంటే చలికాలంలో కొంత మేలు, కానీ రహదారికి ఎంత దూరమన్నది చూడాలి. నా అనుభవంలో లారీలు తిరిగే రోడ్డుకు రెండు మూడు వందల మీటర్లు లోపలికి వెళితే తేడా స్పష్టంగా తెలుస్తుంది. దూరంతో పాటు దిక్కు కూడా చూడండి: చలికాలంలో గాలి తూర్పు, ఈశాన్యాల నుంచి వీస్తుంది, ఎండాకాలం చివర, ఆషాఢంలో పడమర నుంచి వీస్తుంది. రహదారి గానీ ఇటుక బట్టీ గానీ చెత్త వేసే చోటు గానీ మీ ఇంటికి పడమట ఉంటే వచ్చేది వేసవి దుమ్ము, తూర్పున ఉంటే వచ్చేది చలికాలపు పొగ. మీ నాన్నగారి విషయంలో ఈ రెండింటిలో తూర్పునున్నదే నాకు ఎక్కువ భయం.

ఇంటి లోపల చేయవలసినవి చాలామంది తలకిందులుగా చేస్తారు. వేసవిలో చీపురుతో పొడిగా ఊడిస్తే నేల మీద పడుకున్న దుమ్మును లేపి మళ్లీ ముక్కుకు అందించినట్టు అవుతుంది. తడిగుడ్డ పెట్టాలి, ఊడవక తప్పదంటే మీ నాన్నగారు పక్క గదిలో ఉన్నప్పుడు చేయాలి. కూలర్ వాడే ఇంట్లో కిటికీ తెరిచే ఉండాలి కదా, అది బయటి గాలినే లోపలికి తోస్తుంది. తడిసిన గడ్డి తడికలు ముతక దుమ్మును పట్టుకుంటాయి, పొగను పట్టుకోలేవు. నీళ్లు మార్చకుండా వారాల తరబడి నడిపితే బూజు వాసన వస్తుంది, ఉబ్బసానికి అది మంచిది కాదు. చలికాలంలో రాత్రి కిటికీలు మూసి, మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా బార్లా తెరవండి. పొద్దున్నే తలుపులు తీసి "తాజా గాలి" రానిచ్చే అలవాటు డిసెంబరు, జనవరి నెలల్లో మానుకోవాలి. మూసిన గదిలో దోమల చుట్టలు, అగరబత్తీలు, సాంబ్రాణి పొగ పెడితే బయటి గాలిని నిందించడానికి ఏమీ మిగలదు. ఒకసారి ఒక పరిచయస్థుల ఇంట్లో పడకగదిలో సెన్సర్ పెట్టి చూశాము. రోడ్డు పక్క ఇల్లు కాబట్టి లారీలే కారణమని వారు గట్టిగా నమ్మారు, అంకె ఎగిసినదల్లా రాత్రి తొమ్మిదింటికి దోమల చుట్ట వెలిగించినప్పుడే.

గాలి శుద్ధి యంత్రం కొనదలిస్తే పడకగదికి ఒక్కటి చాలు, సన్నని రేణువులను పట్టే హెపా వడపోత ఉన్నది తీసుకోండి. పెట్టె మీద ఇన్ని చదరపు అడుగులకు అని రాసిన మాటను కాక, గంటకు ఎన్ని ఘనపు మీటర్ల శుభ్రమైన గాలి ఇస్తుందో చెప్పే సీఏడీఆర్ అంకెను చూడండి. పన్నెండు అడుగుల పొడవు, పన్నెండు వెడల్పు, పది ఎత్తు ఉన్న గది దాదాపు 41 ఘనపు మీటర్లు. ఆ గాలి గంటకు ఐదుసార్లు వడకట్టబడాలంటే 200 పైచిలుకు కావాలి. ఓజోన్ గానీ అయాన్లు గానీ వదులుతామని గొప్పగా చెప్పే యంత్రాలను ఉబ్బసం ఉన్న ఇంట్లోకి రానివ్వకండి. నవంబరులో బిగించి, ఫిబ్రవరి చివర ఆపి, వడపోతను సంచిలో చుట్టి దాచండి. మన వేసవి దుమ్ములో నడిపితే అది నెల తిరక్కముందే పూడుకుపోతుంది. చలికాలంలో పొద్దున తప్పనిసరిగా బయటికి వెళ్లవలసి వస్తే ముఖానికి బిగుతుగా అతుక్కునే ఎన్‌95 మాస్కు వాడాలి, తువ్వాలు కట్టుకోవడం వేసవి దుమ్ముకు సరిపోతుంది కానీ పొగను ఆపదు. బిగుతు మాస్కుతో ఆయాసం ఎక్కువయ్యేటట్లయితే వైద్యుణ్ని అడగండి.

చివరగా, మీరు డిసెంబరులోనే మకాం మార్చాలని రాశారు. వీలైతే దాన్ని ఫిబ్రవరి నెలాఖరుకు జరపండి, డిసెంబరులో మీరొక్కరే వచ్చి, ఎంచుకున్న రెండు ఇళ్ల దగ్గరా తెల్లవారుజామున ఆరింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి అరగంట నిలబడి చూడండి. ఎక్కడ ఏం కాలుతున్నదో ముక్కు చెబుతుంది. మే నెలలో చూసి ఇల్లు ఎంచుకున్నవారికి ఆ సంగతి తెలిసే అవకాశం లేదు.